ఒక ట్రాక్టరు, ఇద్దరు డ్రైవర్లు

జహీరాబాదులో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రావారి కర్మాగారం ఒకటి ఉన్నది. ఎంత కొత్త ట్రాక్టరైనా, టాంకు నిండా డీసెలున్నా, డ్రైవరు ఎక్కి కూచోనిదే అంగుళం కదలదు గదా! కంప్యూటరు సంగతీ అంతే. మీట నొక్కితే అక్షరాన్ని తెరమీదికి తేవటం, మీరు వేసిన బొమ్మను దాచటం, అడిగినప్పుడు తీసి ఇవ్వటం—ఈ పనులన్నీ చేయించే డ్రైవరు ఒకడు లోపల ఉండాలి. అతన్నే ఆపరేటింగ్ సిస్టం అంటారు.

చాలా కంప్యూటర్లు దుకాణంనుంచే విండోస్ అనే డ్రైవరుతో వస్తాయి. అందుచేత ఆ రెండూ ఒకటేనని పెద్దవాళ్లు కూడా అనుకుంటూ ఉంటారు. కాని డ్రైవరును మార్చవచ్చు.

ఈ సంగతి ఇప్పుడు తెలుసుకోవటం అవసరం. విండోస్ 10 కు మామూలుగా పంపే రక్షణ మరమ్మతులను మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14 తో ఆపారు. విండోస్ 11 కు కనీసం 4 జీబీ మెమరీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంకా కొన్ని హంగులు కావాలి. అవి లేని పాత కంప్యూటర్లు ఏమీ చెడిపోకుండానే మూలపడుతున్నాయి. డ్రైవరు పని మానాడని బండిని ఎవరైనా తూకానికి అమ్ముకుంటారా?

ఇంకో డ్రైవరు ఉన్నాడు. పేరు లినక్స్. 1991లో ఫిన్లండు దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు సరదాకు మొదలుపెట్టాడు. అప్పటికే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, 1983లో ప్రకటించిన గ్నూ అనే పథకం కింద, ఎవరైనా వాడుకోగల పనిముట్లు తయారు చేయిస్తున్నాడు. రెండూ కలిశాయి. 1992లో లైనస్ తన పనిని గ్నూ లైసెన్సు కింద ఇచ్చేశాడు. దాని ప్రకారం ఎవరైనా దాన్ని తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే మార్చినదాన్ని పంచేటప్పుడు, మార్చిన విధం దాచకుండా చూపించాలి.

ఈ పద్ధతి జహీరాబాదు పక్కన పస్తాపూరువాళ్లకు వింతగా తోచదు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. తీసుకున్నవారు పంట వచ్చాక మరికాస్త కలిపి తిరిగి ఇస్తారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. లినక్స్‌కూడా అలా చేతులు మారుతూ పెరిగినదే. మనవాళ్లూ అందులో చేయి వేశారు: 2005లో హైదరాబాదువారు దానికి తెలుగు నేర్పి, "స్వేచ్ఛ" అని పేరు పెట్టి విడుదల చేశారు.

దీన్ని పరీక్షించి చూడటం తేలిక. 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి ఖాళీ చేసి, లినక్స్ మింటో, ఉబుంటూయో దానిలోకి ఎక్కించాలి. కంప్యూటరు వెలిగించేటప్పుడు ఎఫ్12 వంటి మీట నొక్కితే (ఈ మీట కంపెనీనిబట్టి మారుతుంది) పెన్‌డ్రైవునుంచి లేవమని చెప్పవచ్చు. అప్పుడు లోపలి డిస్కు జోలికి పోకుండానే లినక్స్ నడుస్తుంది. నచ్చితే డిస్కులో కొంత చోటు విడదీసి స్థిరంగా ఉంచవచ్చు. ఆ తరవాత వెలిగించినప్పుడల్లా "లినక్సా, విండోసా?" అని కంప్యూటరే అడుగుతుంది. ఒక సీటులో ఒకసారి ఒక్క డ్రైవరే!

అయితే చోటు విడదీసేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: డిస్కంతా తుడిచివేయమంటారా, అని. చదవకుండా సరే అన్నారో, చెల్లెలి పుట్టినరోజు ఫొటోలూ నాన్న లెక్కలూ అన్నీ పోతాయి. అందుకని ముందే అన్నీ వేరే చోట నకలు తీసి, పెద్దవాళ్లను పక్కన కూచోపెట్టుకోండి. కొన్ని ఆటలూ, కొన్ని ప్రింటర్లూ లినక్స్‌తో పేచీ పెడతాయి. పాఠాలకూ, ఉత్తరాలకూ, లెక్కలకూ మాత్రం లోటుండదు.

ఇద్దరూ ఒకేసారి కావాలంటే వర్చువల్‌బాక్స్ అనే ఉపాయం ఉన్నది. డ్రైవరు తన ఒడిలో కుర్రవాణ్ణి కూచోపెట్టుకొని స్టీరింగు పట్టుకోనిచ్చినట్టు, విండోస్ నడుస్తూండగానే ఒక కిటికీలో లినక్సో, ఫ్రీబీఎస్‌డీయో, హైకూయో నడుస్తుంది. కాకపోతే మెమరీని ఇద్దరూ పంచుకోవాలి గనక, పాత కంప్యూటరు కాస్త ఆయాసపడుతుంది.