కరగకుండా అతికే అల్యూమినియం

ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయిస్తాం. సత్తు గిన్నెకు పడితే మాత్రం పనివాడు పెదవి విరుస్తాడు. సత్తు అంటే అల్యూమినియమే. దాన్ని అతకడం అంత సులభం కాదు. వంటింటి యీ చిక్కే బొగ్గు మోసే రైళ్ల దాకా పోయింది.

చంద్రపూర్, బల్లార్షా ప్రాంతాల మన తెలుగువారికి బొగ్గు వాగన్ల సంగతి చెప్పనక్కరలేదు. వాగను తేలికైతే అదే ఇంజను ఎక్కువ బొగ్గు లాగుతుంది. 2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో మన దేశపు మొదటి అల్యూమినియం గూడ్సు రైలును ప్రారంభించారు. ఉక్కు రైలుకంటే అది 180 టన్నులు తేలిక. కాని దాని వాగన్ల పైభాగంలో ఎక్కడా వెల్డింగు లేదు. అంతా బోల్టుల బిగింపే.

అల్యూమినియాన్ని వెల్డింగు చేయడంలో కష్టమేమిటి? ఈ లోహం 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. దాని పైనుండే సన్నని పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. పైగా కరిగిన లోహం హైడ్రోజన్ వాయువును పీల్చుకుని, గట్టిపడేటప్పుడు బుడగలుగా మిగుల్చుకుంటుంది. వేడిచేసి పదును పెట్టిన మిశ్రలోహాలలో కొన్నిటికి వెల్డింగు తగిలినచోట బలం దాదాపు సగానికి పడిపోతుంది. మరికొన్ని చల్లారేటప్పుడే పగులుతాయి.

కరిగించడంవల్లనే ఇన్ని తిప్పలైతే, అసలు కరిగించకుండా అతికితేనో? 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపాన, వెల్డింగు పరిశోధన సంస్థలో వేన్ థామస్, ఆయన సహచరులు ఆ పని సాధించారు. దీనికి ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అని పేరు. రెండు పలకలను అంచుకు అంచు చేర్చి బల్లకు గట్టిగా బిగిస్తారు. కొనకు చిన్న ములుకు గల ఉక్కు పనిముట్టు, నిమిషానికి వందల చుట్లు తిరుగుతూ ఆ సందులోకి దిగి ముందుకు సాగుతుంది. రాపిడికి లోహం వేడెక్కి మెత్తబడుతుంది గాని కరగదు. రెండు పిండిముద్దలను కలిపి పిసికినట్టు, రెండు పలకల లోహమూ ఒకటవుతుంది. మన కమ్మరి ఇనుమును ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి అతకడంలోని కిటుకూ ఇటువంటిదే. ఇందులో కళ్లు చెదిరే వెలుగుండదు, పూతకడ్డీ అక్కరలేదు.

అమెరికాలో డెల్టా రాకెట్ల ఇంధన తొట్లను ఇలా అతికారు. జపానులో రైలుపెట్టెలనూ ఇలా చేస్తున్నారు. హైదరాబాదు రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల శాస్త్రజ్ఞులు దీనిపై ఎన్నో పత్రాలు ప్రకటించారు.

లోపాలూ లేకపోలేదు. పనిముట్టు పైకి లేచినచోట గుంట మిగులుతుంది. వేడి చాలకపోతే లోపల సొరంగంవంటి బోలు ఏర్పడుతుంది, పైకి కనిపించదు. వేడి మించితే బలం తగ్గుతుంది. ఏ మిశ్రలోహానికి ఎంత తిప్పాలి, ఎంత వేగంతో నడపాలి, ములుకు ఏ ఆకారంలో వుండాలి అన్నవే నేటి పరిశోధనలోని ముఖ్య ప్రశ్నలు.

తెలుసుకోవడానికి కోట్ల రూపాయల సామగ్రి అక్కరలేదు. పలుచని పలకలకు కళాశాల వర్కుషాపులోని గట్టి మిల్లింగు యంత్రమే చాలు. అతికిన ముక్కను కోసి, లాగి, ఎక్కడ తెగిందో చూడాలి. చంద్రపూర్‌లో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వుంది, చుట్టూ బొగ్గూ రైలూ వున్నాయి. ఇంజనీరింగు చదివే మన పిల్లలు ప్రాజెక్టు కోసం వెతుక్కునేటప్పుడు దీన్ని కూడా తలచుకోవాలి.