జతగా పరుగెత్తేవారు



పరుగుపందెం అనగానే మన కన్నుల ముందు కనబడేది ఒక్కడే. అందరినీ వెనుక విడిచి ముందుగా గీత దాటినవాడు. బడిలో ఆటల పోటీల దినాన మన పిల్లలకు మనం చెప్పేదీ అదే: "పక్కవాణ్ణి చూడకు, పరుగెత్తు." అయితే పక్కవాణ్ణి చూడనివాడు తప్పక ఓడిపోయే పందెం కూడా ఒకటి ఉన్నది. అందులో ఇద్దరు కలిసి బయలుదేరాలి, కలిసే గమ్యం చేరాలి. ఒకడు ఎంత ముందుగా వచ్చినా రెండవవాడు వచ్చేవరకు ఆ జతకు సమయం లెక్క కట్టరు. అట్టి పందేలను గూర్చి, అదే పాఠాన్ని కొండ మీద చదివిన మన జిల్లా బిడ్డను గూర్చి ఈ వ్యాసంలో తెలుసుకుందాము.

ఏమిటీ పందెం?

పరుగు, సైకిలు, ఈత, పడవ, కొండ ఎక్కడం వంటివి రెండు మూడు కలిపి, మైదానంలో గాక కొండల్లో, అడవుల్లో, నీళ్ళలో జరిపే పోటీలను సాహస పందేలు అంటారు. న్యూజీలాండ్‌లో రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన 1983లో ప్రారంభించిన 'కోస్ట్ టు కోస్ట్' వీటిలో పేరుపొందినది. పడమటి సముద్రతీరాన బయలుదేరి, కొండలు దాటి, తూర్పు తీరం చేరాలి. దారి 243 కిలోమీటర్లు. కొంత పరుగు, కొంత సైకిలు, కొంత నదిలో పడవ. దీన్ని ఒంటరిగా చేయవచ్చు, ఇద్దరు జతగానూ చేయవచ్చు.

స్వీడన్‌లోని 'ఓటిల్లో' పందెంలో మాత్రం ఒంటరికి చోటులేదు. ఆ మాటకు అర్థం ద్వీపం నుండి ద్వీపానికి అని. 2002లో నలుగురు స్నేహితులు పందెం వేసుకొని, ఇద్దరిద్దరుగా విడిపోయి, ద్వీపాల మధ్య ఈదుతూ, ద్వీపాల మీద పరుగెత్తుతూ పోయారు. ఒక పగలూ ఒక రాత్రీ దాటినా ఆ ప్రయాణం ముగియలేదట. దాని నుండే 2006లో అసలు పోటీ పుట్టింది. సుమారు 75 కిలోమీటర్ల దారి, చన్నీటి సముద్రం. బూట్లతోనే ఈదాలి, తడిబట్టలతోనే పరుగెత్తాలి. నీళ్ళలో ఇద్దరి మధ్య పది మీటర్లకు మించి దూరం ఉండరాదు. ఈ నియమం ఊరికే పెట్టినది కాదు. చలికి ఒకరి ఒళ్ళు కొయ్యబారితే వెంటనే చెయ్యి అందించగలిగేది పక్కనున్న తోడే గదా.

బలవంతుని పని

జతలో వేగం బలవంతుని వేగం కాదు, అలసినవాని వేగమే. ఇది తెలియని జత మొదటి గంటలోనే పోట్లాడుకుంటుంది. తెలిసిన జత కొన్ని ఉపాయాలు చేస్తుంది. బలమున్నవాడు ముందు నడిచి గాలికి అడ్డుపడతాడు. తోడు సంచిలోని బరువు తన సంచిలోకి మార్చుకుంటాడు. చాలామంది నడుముకు నడుము సాగే తాడు కట్టుకుంటారు. ముందున్నవాని బలం తాడు గుండా వెనుకవానికి అందుతుంది. ఇద్దరిలో ఎవరు తింటున్నారు, ఎవరు నీళ్ళు తాగడం మరచారు అని ఒకరినొకరు కనిపెట్టుకుంటారు.

మరొక సంగతి. ఈ పందెంలో బలవంతుడు ఎల్లప్పుడూ ఒకడే కాడు. నేల మీద జింకవలె పరుగెత్తినవాడు నీళ్ళలో దిగగానే వెనుకబడవచ్చు. పొద్దున తాడు లాగినవాణ్ణి మధ్యాహ్నం తోడు లాగవలసి వస్తుంది. గనుక తన వంతు వచ్చినప్పుడు ఎదుటివాణ్ణి చులకన చేసినవాడు, సాయంకాలానికి ఆ తోడు ముఖం చూడలేడు.

మన దేశపు కవల సోదరీమణులు తాషీ, నుంగ్షీ మాలిక్ ఇందుకు మంచి ఉదాహరణ. డెహ్రాడూన్‌కు చెందిన వీరిద్దరూ 2013 మే 19న ఎవరెస్టు శిఖరాన్ని కలిసి చేరారు. 2019లో ఫిజీ దీవుల్లో జరిగిన 'ఎకో ఛాలెంజ్' పందెంలో నలుగురి జట్టుగా పాల్గొన్నారు. దాని దారి 671 కిలోమీటర్లు. జట్టులో ఒక్కరు తప్పుకున్నా మిగిలినవారికి స్థానం దక్కదు.

పాకాల నుండి ఎవరెస్టు వరకు

ఇంత దూరం వెళ్ళనేల? మన నిజామాబాదు జిల్లా సిరికొండ మండలంలోని పాకాల గ్రామాన పుట్టిన మాలావత్ పూర్ణను ఎరుగని ఇల్లు ఈ ప్రాంతంలో లేదు. వ్యవసాయ కూలి చేసుకునే గిరిజన కుటుంబం ఆమెది. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. ఆమెతో కూడ ఎవరెస్టు ఎక్కినవాడు అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం నుండి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్. అతడూ గురుకుల విద్యార్థియే. అది పందెం కాదు. వారికి శిక్షకులు, షెర్పాలు తోడున్నారు. అయినను రెండు పేద ఇళ్ళ పిల్లలు ఒక జతగా ఎన్నికై, ఒకే గమ్యానికి సాగిన కథ అది.

అప్పటి గురుకులాల కార్యదర్శి, ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ పనికి పూనుకున్నారు. శిక్షకుడు శేఖర్ బాబు బాచినేపల్లి భువనగిరి రాతికొండ మీద పిల్లలకు ఎక్కడం నేర్పారు. వందమందికి పైగా పిల్లల నుండి కొందరు డార్జిలింగ్‌కు, వారిలో కొందరు లడఖ్ చలికి, చివరకు ఈ ఇద్దరే ఎవరెస్టుకు మిగిలారు. నేపాల్ వైపు నుండి పదహారేళ్ళు నిండనివారిని ఎక్కనివ్వరు గనుక టిబెట్ వైపు నుండి బయలుదేరారు. వారు దారిలో ఉండగానే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపున మంచు విరిగిపడి 16 మంది కొండ సహాయకులు మరణించారు. ఆ వార్త విన్న తరువాత కూడ పిల్లలు వెనుదిరగలేదు. మే 25 ఉదయాన ఇద్దరూ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పదునాలుగు నిండలేదు. త్రివర్ణ పతాకంతో పాటు డా. అంబేద్కర్, ఎస్.ఆర్. శంకరన్ గార్ల చిత్రాలను వారు అక్కడ చూపారు. 2022 జూన్‌లో డెనాలీ ఎక్కడంతో పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలనూ పూర్తి చేసింది.

నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబును కూడ ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 దినాల్లో ఎక్కిన మహా పర్వతారోహకుడాయన. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా శిఖరానికి సాగి, తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన దేహం దొరికింది. తోడు ఉంటే బ్రతికేవాడని మనం చెప్పలేము. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయనూ కూడదు. అంతటివానికి కూడ మంచు తుపాను మధ్య ఒక మనిషి అవసరం కలగవచ్చునని మాత్రం ఆ మరణం మనకు గుర్తుచేస్తుంది.

ఆర్మూరులో మొదలుపెట్టాలంటే

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించే పెద్దలకు జత సంగతి కొత్త కాదు. వానకాలం మొదట్లో నాటిన పసుపు సంక్రాంతి దాటితే గాని తవ్వకానికి రాదు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు చేర్చే వరకు ఏ పనీ ఒంటిచేత్తో అయ్యేది కాదు. కాడికి కట్టిన రెండెద్దులలో ఒకటే తొందరపడితే సాలు వంకరపోతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మన యౌవనస్థులకు ఆశ ఉంటే పెద్ద ఖర్చు లేకుండానే మొదలుపెట్టవచ్చు. ఇద్దరు, ఒక గడియారం చాలు. తెల్లవారుజామున ఐదు కిలోమీటర్లు పరుగు, తరువాత ఊరి దారుల్లో పదిహేను కిలోమీటర్లు సైకిలు. లారీలు తిరిగే జాతీయ రహదారి వద్దు. వారానికొకసారి సిద్ధుల గుట్ట మెట్లు కలిసి ఎక్కి కలిసి దిగండి. శ్రీరాంసాగర్ జలాశయంలోనూ కాలువల్లోనూ ఎంతమాత్రం దిగవద్దు. పైకి నెమ్మదిగా కనబడే కాలువ నీరు ఈతగాణ్ణి కూడ లాగివేస్తుంది. ఈత నేర్చుకోదలిస్తే, నేర్పేవారి కనుసన్నల్లో కొలనులోనే నేర్చుకోండి. సంచిలో నీళ్ళు, పల్లీలు, బెల్లం పెట్టుకోండి. బయలుదేరక ముందే ఒక మాట అనుకోండి: ఇద్దరిలో ఎవరు "ఇక చాలు" అన్నా ఇద్దరూ ఆగాలి, ఇంటికి వచ్చాక దెప్పిపొడవకూడదు. ఈ ఒక్క నియమం పాటించగలిగినవారు మంచి జత అవుతారు.

తల్లిదండ్రులారా, పిల్లలు పందెంలో పాల్గొన్నా పాల్గొనకపోయినా ఈ లెక్క మన ఇళ్ళకు కూడ చెల్లుతుంది. పెద్దవాడు ఎన్ని మార్కులు తెచ్చాడని అడిగే మనం, వెనుకబడిన తమ్మునికి వాడు ఏమి నేర్పాడని ఎన్నిసార్లు అడిగాము? సంతలో భర్త పది అడుగులు ముందు నడుస్తుంటే, బరువు సంచితో భార్య వెనుక వస్తుండడం మనం రోజూ చూచేదే. ఆ సంచి అందుకోవడానికి ఏ శిక్షణా అక్కరలేదు. ఒకసారి వెనుదిరిగి చూస్తే చాలు.