సుత్తి లేని కోర్టు

1982లో వచ్చిన ‘జస్టిస్ చౌదరి’, ‘బొబ్బిలి పులి’ నేను పుట్టకముందువి. అయినా మా మనుబోలు ఇంట్లో టీవీలో చూసి చూసి, కోర్టు బోనంటే ఎన్టీఆర్ గర్జించే చోటే అనుకునేవాణ్ణి. ఆ బోనెక్కే ఛాన్సు నాకూ వచ్చింది!

మా వీధి అక్క భర్తను హైవే మీద లారీ గుద్దింది. కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. పరిహారం కేసు గూడూరు కోర్టుకెళ్ళింది. ముందురోజు రాత్రంతా అద్దం ముందు రిహార్సల్సే!

తీరా వెళితే జడ్జిగారి బల్ల మీద సుత్తి లేదు. (మన దేశపు కోర్టుల్లో అసలు ఆ వాడుకే లేదు మరి!) భగవద్గీతా లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు చెప్పొచ్చు. ఇష్టంలేనివాళ్ళు నిజమే చెబుతామంటే చాలు.

“లారీ ఎంత స్పీడులో వచ్చింది?” అవతలి లాయరు అడిగాడు.

ఎనభై అందామని నాలుక దురద. బెంచీ చివర్నుంచి అక్క నన్నే చూస్తోంది. “తెలీదండీ” అన్నాను. ఒళ్ళంతా చెమట. అక్కను నేనే ముంచానా?

జడ్జిగారు ఆ ముక్క టైపు చేయించి, “మరి ఏం చూశారు?” అన్నారు నెమ్మదిగా.

మార్జిన్లో సైకిలు తోసుకుంటూ పోతున్న మనిషి మీదికి లారీ రోడ్డు దిగొచ్చింది. అదే చెప్పాను. అదీ టైపయింది. చప్పట్లు లేవు, రీరికార్డింగు లేదు.

ఆ తర్వాత ఎన్ని వాయిదాలో! సినిమాలోనైతే రెండు రీళ్ళ పని. చివరికి పరిహారం వచ్చింది. తీర్పు కాపీలో నా సాక్ష్యం రెండు లైన్లు. “ఇదేనా నువ్వు చెప్పింది అబ్బయా?” అని అక్క వాటినే రెండుసార్లు చదివించుకుంది.