సుబాబుల్ కాటా దగ్గర మొదలయ్యే అడవి కథ

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే మీద వస్తుంటే, పచ్చి కట్టెతో పైదాకా నిండిన ట్రాక్టర్లు, లారీలు మీకు కనపడే ఉంటాయి. అది సుబాబుల్. పేపర్ మిల్లుకి వెళ్తుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

మనది మెట్ట. సాగర్ ఎడమ కాలువకి చిట్టచివర ఉన్నాం, నీళ్లు వస్తే వచ్చినట్టు. పత్తి, మిర్చి పెట్టుబడులకి భయపడినవాళ్లు, కూలీలు దొరకనివాళ్లు సుబాబుల్ వేశారు. మూడు నాలుగేళ్లకి ఒకసారి కొడితే మొద్దు నుంచి మళ్లీ చిగురేస్తుంది. పైగా ఇది పప్పుజాతి చెట్టు, నేలకి నత్రజని ఇస్తుంది. చిక్కేంటంటే, విత్తనం రాలితే పక్క చేలో కూడా మొలుస్తుంది.

మరి దీనికీ అడవికీ సంబంధం ఏంటి? ఒకప్పుడు మిల్లులు అడవుల్లోని వెదురు మీద బాగా ఆధారపడేవి. 1988 జాతీయ అటవీ విధానం ఏం చెప్పిందంటే, పరిశ్రమలు తమకి కావాల్సిన కలపని రైతులతో పెంచించుకోవాలి అని. అంటే మన చేలో పెరిగే ప్రతి టన్ను అడవి మీద భారం తగ్గించేదే. కానీ రైతుకి గిట్టుబాటు కాకపోతే? తోట పీకేస్తాడు. మిల్లుకి కలప మాత్రం ఎక్కడో ఒకచోట నుంచి రావాల్సిందే కదా!

ఇప్పుడు కాటా దగ్గరికి వద్దాం. పచ్చి కట్టె బరువులో చాలా భాగం నీరే. మా బాబాయి లోడు ఒకసారి ఎండలో మూడు రోజులు ఆగింది. లెక్క కోసం పది టన్నులు అనుకోండి, ఐదు శాతం తగ్గితే అర టన్ను డబ్బు పోయినట్టే. కానీ ఆరిపోయింది నీరే, కాగితం అయ్యే నార ఎక్కడికీ పోలేదు. మిల్లుకి సరుకు అంతే వచ్చింది, నష్టం మాత్రం రైతుకి. ఆ రోజు బాబాయి చేతిలో రాతపూర్వకంగా ఒక్క కాగితం లేదు, అడగడానికి ఆధారమూ లేదు.

మిల్లే మూతపడితే ఇంకా కష్టం. 2014లో సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు ఆగిపోయింది, మళ్లీ తెరవడానికి 2018 దాకా పట్టింది. కొనేవాళ్లు నలుగురే ఉన్న పంటలో ఒకరు తగ్గినా ధర మీద దెబ్బే.

ఇంకో మార్పు వస్తోంది. యూరప్ 2023లో ఒక చట్టం చేసింది. అక్కడ అమ్మే కలప, కాగితం ఏ భూమిలో పెరిగిందో జీపీఎస్ పాయింట్‌తో సహా చూపించాలి, అడవి నరికిన భూమి కాకూడదు. అమలు వాయిదా పడుతూ వచ్చినా, కొనేవాళ్లు వెళ్లే దారి అదే. మన పొలం లెక్క మన దగ్గరుంటే అది మనకి బలమే.

అందుకే మీ ఫోన్‌తో మూడు పనులు చేయండి. కొట్టిన రోజు తోటని లొకేషన్ ఆన్ చేసి ఫోటో తీయండి. లోడు బయల్దేరిన టైము, కాటా ఎక్కిన టైము రాసుకోండి. కాటా చీటీ, తక్‌పట్టీ ఫోటో తీసి నాన్నగారి ఫోన్లో కూడా ఉంచండి.

అడవిని కాపాడటం అంటే గార్డు, చెక్‌పోస్టు మాత్రమే కాదు ఫ్రెండ్స్. రైతుకి సరైన తూకం, టైముకి డబ్బు కూడా అందులో భాగమే. సుబాబుల్ వేసిన మీవాళ్లకి ఈ మాట చెప్పండి. ఉంటాను మరి!