నాలుగు దీపముల పెట్టె

పవర్ బ్యాంకు అని బజారున నెల్లరు వ్యవహరించు చిన్న విద్యుత్పేటిక యొకటి నేడు ప్రయాణికుని సంచిలో మంచినీళ్ల సీసాతోపాటు స్థానము సంపాదించుకొన్నది. చూపుగలవారికి అది యొక సౌకర్యము. దారిలో సెల్‌ఫోను ఆగిపోయినచో వారికి గలుగునది చాలవరకు విసుగు మాత్రమే. కాని నావంటి అంధులకు సెల్‌ఫోను మాటలాడుకొనుటకు మాత్రమే యుపకరించు సాధనము గాదు. అది ఎదుటనున్న కాగితమును చదివి వినిపించును, నడచుచున్న వీధి పేరును చెవిలో పలుకును, ఎక్కిన బస్సు దిగవలసిన చోటికి సమీపించుచున్నదని తెలుపును. చేతికి వచ్చిన నోటు నూరో అయిదువందలో చెప్పుటకై రిజర్వు బ్యాంకువారు 2020 జనవరిలో ‘మణి’ యను నొక యాప్‌ను వెలువరించిరి; దానిని నమ్ముకొని అంగడికి బయలుదేరినవానికి, నడిదారిలో ఫోనులోని విద్యుత్తు నిండుకొన్నచో, జేబులోని డబ్బు జేబులోనే యుండియు ఏ నోటు ఎంతయో తెలియకుండ పోవును. కావున ఈ పేటికలో దాచుకొను శక్తి మాకు చూపునకు మారుగా పనిచేయు శక్తి. అట్టి యంత్రము తన నిండుదనమును, వెలితిని, పని మొదలిడుటను, ముగించుటను సాధారణముగా నాలుగు చిన్న దీపములు వెలిగించియు ఆర్పియు మాత్రమే చెప్పుచున్నది. దీని పుట్టుపూర్వోత్తరములు చెప్పబూనుట దీపములతో మాత్రమే పలుకు ఈ లోప మెక్కడ నేర్పడెనో తెలిసికొనుటకే.

వంశము పాతదే. 1800లో ఇటలీ దేశీయుడైన అలెస్సాండ్రో వోల్టా యశదపు బిళ్లలను, రాగి లేక వెండి బిళ్లలను, ఉప్పునీట తడిపిన అట్టముక్కలు నడుమ నుంచి యొకదానిపై నొకటి పేర్చి, నిలుకడగా ప్రవహించు విద్యుత్తును తొలిసారి మానవుని వశము చేసెను. అటుపిమ్మటి సీసపు బ్యాటరీల కథను, టార్చిలైట్లలోని పొడి ఘటముల కథను ఇచట దాటవేసి లిథియమునొద్దకే వచ్చెదను. ఏలయన జేబున బెట్టుకొని తిరుగదగిన పేటిక ఆ లోహము లేనిదే పుట్టియుండదు. లోహములన్నిటిలో నది తేలికైనది. దాని సాంద్రత నీటి సాంద్రతలో సగముకంటె నించుక యెక్కువ. కిరసనాయిలులో వేసినను తేలును. తన పరమాణువు వెలుపలి కక్ష్యలోని యొంటి ఎలక్ట్రానును విడిచిపెట్టుటకు అది సదా సంసిద్ధమై యుండుటచేతనే దానిని ధరించిన బ్యాటరీ కొలది బరువులో అధికశక్తిని నిలుపగలుగుచున్నది. గాలితోను నీటితోను అది చెలరేగుటకును అదియే హేతువు.

1970 దశకమున, చమురు సంక్షోభము ప్రపంచమును కలవరపెట్టుచున్న దినములలో, ఎక్సాన్ అను చమురు సంస్థయందే పనిచేయుచుండిన స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్ పొరలలోనికి లిథియము అయానులు చొచ్చుకొనిపోయి మరల వెలువడగలవని చూపి, రెండు వోల్టులకు మించిన బ్యాటరీని నిర్మించెను. దానిలో ఋణధ్రువము లోహలిథియము. అది నిప్పంటుకొను స్వభావము గలది. 1980లో ఆక్స్‌ఫర్డునందు జాన్ గుడెనఫ్ కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా నుంచి నాలుగు వోల్టులను సాధించెను. 1985లో జపాను దేశమునందు అకీరా యోషినో లోహలిథియమునే తొలగించి, ఆ స్థానమున పెట్రోలియము కోకు అను కర్బనపదార్థము నుంచి, అయానులు మాత్రమే ఇటునటు సంచరించు క్షేమకరమైన రూపమును తీర్చెను. 1991లో సోనీ సంస్థ దానిని విపణికి తెచ్చెను. ఈ మువ్వురికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము 2019లో గాని రాలేదు; అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 ఏండ్లు, నోబెల్ గ్రహీతలలో నాయనయే అతివృద్ధుడు.

నేటి ఘటములలో ఋణధ్రువము తరచుగా గ్రాఫైటు. దాని పొరలనడుమ లిథియము అయానులు, బాలురు పుస్తకపు పుటల నడుమ దాచుకొను నెమలికన్నులవలె, పుట చినుగకుండ చేరి, పుట చినుగకుండ వెలువడును. ఛార్జింగు చేయునపు డవి గ్రాఫైటును చేరును; వాడుకొనునపుడు కోబాల్టు మొదలగువాని ఆక్సైడునకు మరలిపోవును; ఎలక్ట్రానులు మాత్రము బయటి తీగగుండ ప్రయాణించి మన పని నెరవేర్చును. పేటికనుండి ఏ పదార్థమును వెలికి పోదు, లోనికి రాదు. అందుచేత నిండిన పేటికకును వట్టి పేటికకును చేతికి తెలియదగిన బరువుభేదము లేదు. నీళ్ల బిందె నెత్తి చూచి ఎన్ని నీళ్లున్నవో చెప్పగల చేయి ఇచట నిరుపయోగమగుచున్నది.

ఈ శతాబ్దపు తొలి దశకమున అంధులు వాడిన మాటలాడు ఫోనులు ప్రధానముగా టాక్స్ అను తెరచదువరిని నెక్కించుకొన్న నోకియా ఫోనులు. వాని వెనుక మూత తీసి, బ్యాటరీని గోటితో మీటి, వేరొకటి యమర్చుట చూపుతో బొత్తిగా పనిలేని పని. బంగారుపూత తునకలు ఏ వైపునున్నవో వ్రేలే చెప్పును. అదనపు బ్యాటరీ నొకదానిని జేబున నుంచుకొన్న చాలును. 2007లో వచ్చిన ఐఫోను మొదలుకొని బ్యాటరీని ఫోను గర్భముననే బంధించి సీలు వేయు పద్ధతి క్రమముగా లోకమంతట వ్యాపించెను. విప్పరాని ఫోనునకు వెలుపలినుండి తీగద్వారా ఆహారమీయవలసి వచ్చెను. 2009లో ఐఫోనునందు వాయిస్ఓవర్, ఆండ్రాయిడునందు టాక్‌బ్యాక్ అను తెరచదువరులు ప్రవేశించి అంధునకు ఫోనును సన్నిహితము చేసిన కాలముననే, బ్యాటరీ అతని వ్రేళ్లకు దూరమయ్యెను. ఆ దూరమును పూరింప వచ్చినది ఈ పేటిక.

లోపల నుండునది 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవుగల స్తంభాకార ఘటమో, లేక చదునైన పొట్లమువంటి ఘటమో. దానితోపాటు ఘటపు 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచు పరివర్తకము, అతిగా నిండకుండ అతిగా వట్టిపోకుండ కావలికాయు వలయము. అట్టపెట్టెపై ముద్రించు 10000 మిల్లీ ఆంపియర్-గంటలు అను సంఖ్య లోపలి ఘటమునకు చెందినది. 3.7తో గుణించిన 37 వాట్-గంటలు. వోల్టును పెంచుటలోను, తీగలలోను వేడిగా పోవునది పోగా ఫోనును చేరునది సుమారు 31 వాట్-గంటలు. 5000 మిల్లీ ఆంపియర్-గంటల ఫోనును నింపుటకు 19 వాట్-గంటలకు పైగా కావలెను గనుక, నిండు పేటిక దానిని ఒకటిన్నర పర్యాయము నింపును, రెండు పర్యాయములు నింపదు. చూపుగలవాడు ఈ గణితము నెరుగకున్నను దీపములు చూచి గడుపుకొనును. నేను ఈ గణితముతోనే గడుపుచున్నాను: ఫోను తన శాతమును పలుకుచుండును, ఎంతనుండి యెంతకు నింపితినో మనసున గుర్తుంచుకొన్నచో పేటికలో మిగిలినది తేలును.

గణితము తప్పినపుడు వేరు మార్గములు లేకపోలేదు. మైక్రోసాఫ్టువారి సీయింగ్ ఏఐ యను యాప్‌లో వెలుతురును ధ్వనిగా మార్చు విభాగ మొకటి కలదు. వెలుతురు హెచ్చినకొలది స్వరము హెచ్చును. మొదట ఫోనును పైకప్పువైపు త్రిప్పి గదిలోని దీప మారినదని నిశ్చయించుకొని, పిదప పేటిక మీట నొక్కి, దీపముల వరుసపై కెమెరాను నిలిపి, ఒక్కొక్కదానిని చూపుడువ్రేలితో మూసి తెరచుచు స్వరము పడినదా లేదా యని వినవలెను. మీట నొక్కిన కొలది క్షణములకే దీపము లారిపోవును గనుక నడుమ మరల నొక్కవలెను. డెన్మార్కు దేశీయుడు, తానును చూపు మందగించినవాడునైన హాన్స్ యోర్గెన్ వీబర్గ్ పూనికతో 2015లో వెలసిన బీ మై ఐస్ ద్వారా ఎక్కడనో యున్న స్వచ్ఛందసేవకుని కన్నుల నెరవు తీసికొనవచ్చును. కాని యీ రెంటికిని ఫోనులో విద్యుత్తు మిగిలియుండవలెను.

పేటికను గోడ సాకెట్టునకు తగిలించి నింపునపుడు వ్రేళ్లకు తెలియునది మరియొకటి కలదు, నాకది మిక్కిలి ప్రియమైనది. లిథియము ఘటమును మొదట స్థిరమైన ప్రవాహముతో నింపుదురు, వోల్టు 4.2ను చేరినపిదప వోల్టును స్థిరముగ నుంచి ప్రవాహమును క్రమముగా తగ్గనిత్తురు. ప్రవాహము తగ్గినకొలది వేడియు తగ్గును. పేటిక వీపుపై అరచేయి నుంచిన, తొలి గంటలలో గోరువెచ్చదనము, తుదకు గది గోడతో సమానమైన చల్లదనము తెలియును. నాలుగవ దీపము స్థిరముగా వెలుగుట యను సమాచారము ఆ చల్లదనములో నున్నది. అట్లే, పాతబడిన ఘటములలో వాయువులు పుట్టి పొట్లము ఉబ్బినపుడు, చదునైన బల్లపై పేటిక ఊగులాడుటను, అంచు కూడలి విచ్చుటను వ్రేలు కంటికంటె ముందుగా కనిపెట్టును. అట్టి పేటికను నాటినుండియే వాడుట మానవలెను.

తీగ తగిలించు రంధ్రముల సంగతి వింతగా పరిణమించినది. పాత పేటికలలో శక్తి లోనికి పోవు మార్గము సన్నని మైక్రో యు.ఎస్.బి., వెలికి వచ్చు మార్గము వెడల్పైన ఏ-టైపు. ఆకారభేదమే తప్పు జరుగనీయకుండెను. ఏ-టైపు నొకవైపే చొప్పించవలెను గాని, తల లోపలి నాలుక ఏ ప్రక్కనున్నదో గోటికి తగులును, తీగకొనపై ఉబ్బెత్తుగా నుండు త్రిశూలపు గుర్తు బొటనవ్రేలికి తగులును. 2014లో రూపొందిన సి-టైపు ఎటు త్రిప్పినను పట్టును. ఐరోపా సమాఖ్య 2024 చివరినుండి ఫోనులకు దానిని విధాయకము చేసెను. మాకది నిస్సందేహముగా మేలు. అయినను ఒకే సి-రంధ్రము ఇచ్చుటకును పుచ్చుకొనుటకును పనికివచ్చుటచే, పేటిక ఫోనునకు ఇచ్చుటకు మారుగా ఫోనే పేటికకు ఇచ్చు సందర్భములు గలుగుచున్నవి. తగిలించిన తోడనే ఫోను ఛార్జింగు ధ్వని చేసెనా, శాతము పెరుగుచున్నదా యని విన్నతరువాతనే సంచిలో పడవేయుట నా అలవాటు. రెండు రంధ్రములున్నచో ఒకదానిప్రక్క గోళ్లరంగు చుక్క నుంచెదను; ఎండినపిదప నది వ్రేలికి తగులును.

అన్నిటికంటె బాధించునది స్వల్పప్రవాహపు చిక్కు. చెవిలో నుంచుకొను బ్లూటూతు సాధనములు కొద్ది విద్యుత్తునే లాగును. పెక్కు పేటికలు దానిని గుర్తింపజాలక, ఏమియు తగిలింపబడలేదని భావించి తమంతట తామే ఆగిపోవును. దీనికి విరుగుడుగా కొన్నింటిలో మీటను రెండుసార్లు నొక్కిన స్వల్పప్రవాహ పద్ధతి యేర్పడును. ఏర్పడినదని తెలుపునది మరల నొక దీపపు రంగు.

విద్యుత్తును కన్నులార చూచినవాడు లేడు. పేటికలో నెంత మిగిలెనో చూపుగలవానికిని కనబడదు. లోపలి చిన్న వలయము ఘటపు వోల్టును కొలిచి, ఆ కొలతను నాలుగు భాగములుగా విభజించి, దానిని వెలుతురుగా మార్చి చూపుచున్నది. వెలుతురు ఆ కొలతకు సహజరూపము గాదు. నిర్మాత యెంచుకొన్న రూపము. అదే వలయము అదే కొలతను స్పందనగా మార్చుట శాస్త్రరీత్యా అంతకంటె కష్టమేమియు గాదు. 2016లో మన పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము, నిత్యోపయోగమైన ఎలక్ట్రానిక్ వస్తువులు సర్వజనులకు అనువగు రూపకల్పనతో లభించునట్లు ప్రభుత్వము చర్యలు గైకొనవలెనని పలుకుచున్నది. సెల్‌ఫోనును కంపింపజేయు మోటారు పెక్కు ఫోనులలో సుమారు పది మిల్లీమీటర్ల వ్యాసము, మూడు మిల్లీమీటర్ల మందము గల బిళ్ల. దానిని పేటికలో నొక మూల నమర్చి, మీట నొక్కినపుడు మిగిలిన పాదములెన్నియో అన్ని పర్యాయములు కంపింపజేయవలెను. నిండినపుడొక దీర్ఘస్పందనము, స్వల్పప్రవాహ పద్ధతి యేర్పడినపుడు రెండు హ్రస్వస్పందనములు ఈయవలెను. ఇచ్చుచున్నదో పుచ్చుకొనుచున్నదో తీగ తగిలించిన క్షణముననే వేరు వేరు స్పందనలతో తెలుపవలెను. ఆ దీపములును ఉండవచ్చును.