ఏ పుటను ఏ ఫైలు చూపుతుంది?

హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు సంఘం తన వెబ్‌సైటులో తెలుగు మాధ్యమ ప్రవేశాల ప్రకటనకు ఒక పుట కేటాయించిందనుకోండి. దరఖాస్తుల చివరి తేదీ పుట పైభాగానే కనబడాలని, సైటు చూసుకొనే యువకుడు ‘ఇండెక్స్’ అనే ఫైలును దిద్దుతాడు. పుటలో మార్పేమీ రాదు. మరల దిద్దుతాడు, మరల అంతే. గడువు మాత్రం దగ్గరపడుతూ ఉంటుంది. అతడు దిద్దిన తీరులో దోషం లేదు. ఆ పుటను చూపుతున్నది ఆ ఫైలు కాదు, అంతే.

వర్డ్‌ప్రెస్ 2003లో వెలువడింది. 2005లో వచ్చిన 1.5 సంచికతో దానికి ‘థీము’లు సమకూరాయి. ఇందులో రాసిన విషయం డేటాబేసులో ఉంటుంది, దానిని చూపే ఆకృతి థీములోని టెంప్లేటు ఫైళ్లలో ఉంటుంది. పాఠకుడు ఒక పుటను కోరగానే, ఏ ఫైలుతో చూపాలో వర్డ్‌ప్రెస్ ఒక నిర్ణీత వరుసలో వెదకుతుంది.

పెళ్లిలో వధువును బుట్టలో కూర్చుండబెట్టి పీటల వద్దకు తెచ్చేది మేనమామ. ఆయన లేకుంటే ఆ వరుసైన వారు, వారూ లేకుంటే బంధువులలో ఎవరో ఒకరు. దగ్గరివారు ఉండగా దూరపువారిని పిలువరు. ఇక్కడి నియమమూ అదే.

స్థిరమైన పుట విషయంలో, రాసినవారు ప్రత్యేకించి ఒక టెంప్లేటును ఎంచుకొని ఉంటే దానిదే మొదటి హక్కు. లేనిచో ‘పేజ్’ అనే మాటకు ఆ పుట చిరునామా పేరు చేరిన ఫైలు, తరువాత పుట సంఖ్య చేరినది, తరువాత వట్టి ‘పేజ్’, ఆపైన ‘సింగ్యులర్’, చిట్టచివర ‘ఇండెక్స్’. రోజువారీ వార్తలకు ‘పేజ్’ స్థానంలో ‘సింగిల్’ వస్తుంది. ఒక శీర్షిక కింది వార్తల జాబితాకు ‘కేటగిరీ’, అది లేకుంటే ‘ఆర్కైవ్’. యువకుని థీములో ‘పేజ్’ ఫైలు ఉన్నది. అందుచేత ‘ఇండెక్స్’ వరకు వెదుకులాట రానే లేదు.

వర్డ్‌ప్రెస్ చూసేది ఫైలు ఉన్నదా లేదా అన్నదే. లోపల ఏమున్నదో చూడదు. ఎవరైనా సరైన పేరుతో ఖాళీ ఫైలు ఉంచి మరచిపోతే, పుట తెల్లగా కనబడుతుంది.

తెలుగులో చిరునామాలు పెట్టుకొనేవారికి ఇంకొక చిక్కు. తెలుగు పేరు లోపల సంకేతాలుగా మారుతుంది. గుణింతపు గుర్తు, పొల్లుతో సహా ప్రతి చిహ్నానికీ 9 గుర్తులు కావాలి; ‘చరిత్ర’ అన్న చిన్న మాటే 54 అవుతుంది. హద్దు 200 కనుక, 22 చిహ్నాలు దాటిన పేరు తెగిపోతుంది. ఒకప్పుడు ఫైలు పేరులోనూ ఆ సంకేతాలనే రాయవలసి వచ్చేది. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 సంచిక నుండి ‘పేజ్-చరిత్ర’ అని తెలుగు అక్షరాలతోనే ఫైలుకు పేరు పెట్టవచ్చును. ఆలస్యంగానైనా మంచి మార్పే.

థీము ఫైలును నేరుగా దిద్దితే, థీము కొత్త సంచిక రాగానే ఆ దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ‘చైల్డ్ థీము’ ఒకటి ఏర్పరచుకొని, దిద్దవలసిన ఫైలు నకలును అందులో ఉంచుతారు. వరుసలోని ప్రతి పేరునూ ముందు అందులో, తరువాత మూల థీములో వెదకుతారు. కనుక చైల్డ్ థీములో ‘ఇండెక్స్’ మాత్రమే ఉంటే, మూల థీములోని ‘పేజ్’దే పైచేయి.

2022 జనవరిలో 5.9 సంచికతో వచ్చిన బ్లాకు థీములలోనూ వరుస ఇదే. అయితే సైటు ఎడిటరులో చేసిన మార్పులు డేటాబేసులో నిలిచి, అదే పేరుగల థీము ఫైలును పక్కకు నెట్టివేస్తాయి. అప్పుడు ఫైలును ఎంత దిద్దినా ఫలితం ఉండదు.

ఏ ఫైలు పనిచేస్తున్నదో తెలుసుకొనుటకు ‘క్వెరీ మానిటర్’ అనే ఉచిత ప్లగిన్ ఉన్నది. అది ఫైలు పేరును అక్కడే చూపుతుంది. యువకుడు చూడవలసినది ముందుగా అదే. అందులో ‘పేజ్’ అని కనబడితే, చివరి తేదీని చేర్చవలసిన చోటు ఆ ఫైలే.