ఒంటరికి ఒక్క తోడు

ఆరుగురి జ్యూరీలో అయిదుగురు ఒకవైపు, ఒక్కరు మరోవైపు. పన్నెండు మంది జ్యూరీలో పదిమంది ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఈ రెండూ ఒకటేనా?

దాదాపు ఒకటేనన్నట్టు 1970లో అమెరికా సుప్రీంకోర్టు వాదించింది. విలియమ్స్ వర్సెస్ ఫ్లోరిడా కేసులో, కాదనేవారిపై పడే ఒత్తిడి ఎదుటిపక్షం నిష్పత్తిని బట్టే ఉంటుందని భావించి, ఆరుగురి జ్యూరీ చాలని తేల్చింది. అందుకు హారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 1966లో ప్రచురించిన ‘ది అమెరికన్ జ్యూరీ’ని ఆధారంగా చూపింది.

ఆ పుస్తకం చెప్పింది వేరు. చికాగో, బ్రూక్లిన్‌లలోని 225 జ్యూరీల తొలి ఓట్లను అందులో పరిశీలించారు. మొదటిసారి మెజారిటీ ఎటు మొగ్గితే పదింట తొమ్మిది కేసుల్లో తీర్పూ అటే. చివరిదాకా లొంగని ఒకరిద్దరికి మొదట్లో మరికొందరి తోడు ఉండేది. కోర్టు తమ మాటను తారుమారుగా చదివిందని 1971లో జైసెల్ గట్టిగానే రాశాడు. ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ ఒక తోడుంటుంది, ఒక్కరికి ఎవరూ ఉండరు. నిష్పత్తి లెక్కకు అందనిది ఇదే.

సాల్మన్ యాష్ 1950లలో చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. గీతల్లో ఏది దేనికి సమానమో చెప్పాలి, అంతే. గదిలో ఒక్కరు తప్ప అందరూ ముందే కూడబలుక్కుని తప్పు జవాబిచ్చేవారు. నిజం కళ్లెదుటే ఉన్నా, ఆ ఒక్కరి జవాబుల్లో మూడింట ఒక వంతుకు పైగా గుంపు వైపే పోయాయి. సరైన జవాబు చెప్పే మనిషి ఒక్కరిని పక్కన చేర్చగానే ఆ తప్పులు నాలుగో వంతుకు తగ్గాయి.

‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ (1957) సినిమాను ఒంటరి వీరుడి కథగా చెప్పుకుంటారు కానీ, అందులోనూ అసలు మలుపు వేరే ఉంది. రహస్య ఓటులో మిగతా పదకొండు మందీ మళ్లీ దోషి అంటే తానూ ఒప్పేసుకుంటానంటాడు, ఒక్కడే కాదన్న జ్యూరర్ హెన్రీ ఫోండా. అప్పుడు ఒక ముసలాయన ఓటు మారుతుంది. అది మారకుంటే కథ అక్కడితో సరి.

తోడుకు నిలకడ కూడా కావాలి. 1969లో పారిస్‌లో సెర్జ్ మోస్కోవిచి బృందం ఆరుగురికి నీలం స్లైడ్లు చూపింది. వారిలో ముందే కుదుర్చుకున్న ఇద్దరు ప్రతిసారీ ‘ఆకుపచ్చ’ అంటూ ఉంటే మిగతావారి జవాబుల్లో 8 శాతానికి పైగా ఆకుపచ్చ అయ్యాయి. ఆ ఇద్దరూ మాట మారుస్తూ పోతే 1.25 శాతమే.

తోడూ నిలకడా ఉన్నా, తీర్పుకు మెజారిటీ చాలంటే కాదనేవారిని ఒప్పించే పనే ఉండదు. 1898లో లూసియానా పన్నెండు మందిలో తొమ్మిది ఓట్లు చాలనడంలో ఉద్దేశం నల్లజాతి జ్యూరర్ల మాట చెల్లకుండా చేయడమే. ఇది పొరపాటు కాదు, అన్యాయం. తీవ్ర నేరాల కేసుల్లో ఏకగ్రీవం తప్పనిసరని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది 2020లో, రామోస్ కేసులో.

మన దేశంలో జ్యూరీలున్న రోజుల్లో ఏకగ్రీవ నియమం ఉండేది కాదు. 1959లో నానావతి కేసులో బొంబాయి జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. ఆ తొమ్మిదో మనిషిని ఎవరూ ఒప్పించనక్కర్లేకపోయింది. తీర్పును జడ్జి అంగీకరించక హైకోర్టుకు పంపారు. 1960లో హైకోర్టు నానావతిని దోషిగా తేల్చింది, మరుసటి ఏడు సుప్రీంకోర్టు సమర్థించింది.

ఫ్లోరిడాలో మరణశిక్ష పడే అవకాశం లేని నేర విచారణలు నేటికీ ఆరుగురితోనే సాగుతున్నాయి. విలియమ్స్ తీర్పును పునఃపరిశీలించాలని జస్టిస్ నీల్ గోర్సచ్ 2022లో కోరినా, సుప్రీంకోర్టు అప్పుడు అందుకు ఒప్పుకోలేదు.